వైవాకు రాని పరీక్షకుడు కొండమీద కనిపించిన రోజు

విశ్వవిద్యాలయంలో పరిశోధన డీను అంటే పరిశోధన చేసే మనిషి అనుకుంటారు చాలామంది. కాదు. పీహెచ్‌డీ చేసే పిల్లలకూ, వాళ్ళ గైడ్లకూ, బయటి నుంచి వచ్చే పరీక్షకులకూ నడుమ నిలబడి ముగ్గురి చేతా తిట్లు తినే మనిషి. తిరుపతిలో ఆ కుర్చీలో కొన్నేళ్ళు కూర్చుని, రిటైరై, ఇప్పుడు చిత్తూరులో మా ఇంట్లో ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు ఫోను చేసి, "మేడం, ఏమైనా సలహా చెప్పండి" అంటారు. చెప్పడం మొదలుపెడితే కాసేపటికి, "సిగ్నల్ సరిగా లేదు మేడం" అని పెట్టేస్తారు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద నా మాట మధ్యలో తెగదు.

ముందే చెబుతున్నాను, నాకు మరుపు లేదు. ఎవరు ఏ మాట ఎక్కడ నిలబడి అన్నారో, పక్కన ఎవరు నవ్వారో అన్నీ గుర్తుంటాయి. అది మంచి గుణం కాదని మా ఆయన అంటాడు. ఆయన ఈ ఉద్యోగం చేయలేదు.

కవరు విప్పొద్దన్న సారు

నాకు ఆ బాధ్యత అప్పగించిన రోజు అప్పటి వైస్ ఛాన్సలర్ సారు కుర్చీ చూపించకుండానే అన్నాడు: "చూడండి మేడం, ఇది పోస్టాఫీసు పని. వచ్చిన థీసిస్ పరీక్షకులకు పంపండి. వచ్చిన రిపోర్టు స్కాలర్‌కు అందించండి. కవరు మాత్రం విప్పి చూడొద్దు."

హాస్యమనుకున్నాను. కాదని త్వరలోనే తెలిసింది. ఒక పిల్లవాడి థీసిస్ గైడు ఇంట్లో బీరువాలో నెలల తరబడి పడి ఉంటే, నేనే ఆ గైడు ఇంటికి పోయి అడిగాను. ఆయన కాఫీ ఇచ్చి పంపించి, ఆ సాయంత్రమే వైస్ ఛాన్సలర్‌కు ఫిర్యాదు చేశాడు. మరునాడు సమావేశంలో అందరి ముందూ సారు, "పోస్టుమాను ఇంట్లోకొచ్చి ఉత్తరం చదివి వినిపిస్తాడా మేడం?" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా రిజిస్ట్రారు నవ్వాడు. తర్వాత ఆయన రిటైర్మెంటు సన్మానానికి నన్ను పిలిచారు. నేను పోలేదు.

అయితే ఆ థీసిస్ ఆ వారంలోనే బీరువాలోంచి బయటికొచ్చింది. ఇంట్లోకి పోయి అడగడమే ఈ ఉద్యోగం. గుమ్మం దగ్గర ఆగిపోయే డీను జీతం తీసుకోవచ్చు గానీ పని చేసినట్టు కాదు.

వేదిక

ఈ కుర్చీలో ఒంటరితనం ఎక్కువ. వైస్ ఛాన్సలర్లకు వాళ్ళ సంఘముంది. అధ్యాపకులకు ఉంది, ఆఫీసు సిబ్బందికి ఉంది, స్కాలర్లకు కూడా ఉంది. పీహెచ్‌డీలను నడిపించే డీన్లకు మాత్రం కష్టం చెప్పుకోవడానికి తోటివాడంటూ ఉండడు. అందుకని అయిదారు విశ్వవిద్యాలయాల డీన్లు కలిసి ఒక వేదిక పెడుతున్నారని తెలిసినప్పుడు చాలా సంబరపడ్డాను. ఏడాదికొక సమావేశం, రోజూ మాట్లాడుకోవడానికి ఒక వాట్సాప్ గ్రూపు.

మొదటి సమావేశానికి మా స్కాలర్ల కష్టాలన్నీ మనసులో వరస పెట్టుకొని పోయాను. గుమ్మంలోనే ఒకాయన నా చేతిలో పూలగుత్తులున్న పళ్ళెం పెట్టి, "మేడం, అతిథులు రాగానే ఒక్కొక్కటి అందివ్వండి" అన్నాడు.

"నేను తిరుపతి నుంచి వచ్చిన డీనును."

"అవునా మేడం! చాలా సంతోషం. అయినా కాస్త పట్టుకోండి, పిల్ల ఇంకా రాలేదు."

పట్టుకోలేదు. పళ్ళెం అక్కడి బల్లమీద పెట్టి లోపలికి పోయి ముందు వరసలో కూర్చున్నాను. గ్రూపు ఫోటో తీసేటప్పుడు ఆ ఊరి నాయకుడెవరో ఆలస్యంగా వస్తే ఆయన కోసం నన్నే లేపారు. ఆ ఫోటో ఇప్పటికీ వేదిక ఆఫీసు గోడమీద ఉంటుంది. అందులో నా భుజం ఒకటి కనిపిస్తుంది.

ఇంత చెప్పాను గనుక మంచి కూడా చెప్పాలి. ఆ వేదిక పనికొచ్చింది. ఉపన్యాసాలతో కాదు, టీ విరామంలో. ఎక్కడో ఒక పరీక్షకుడు మా పిల్ల థీసిస్ పెట్టుకొని కూర్చుంటే అక్కడి డీనుకు ఫోను చేసేదాన్ని. రెండు రోజుల్లో రిపోర్టు కదిలేది. వాళ్ళు అడిగితే నేనూ కదిలించేదాన్ని. మీ దగ్గర అటువంటిదేదైనా ఉంటే తప్పకుండా చేరండి. టీ మానొద్దు.

వేదిక అధ్యక్షులు సదాశివరావు గారు కోస్తా వైపు పెద్ద ఆచార్యులు. జలచరాల శాస్త్రంలో ఆయన మాటకు ఎదురు లేదు. మొదటి సమావేశంలో ఆయన, "రిపోర్టులు వచ్చాక కూడా వైవా ఆలస్యం చేయడమంటే పిల్లల ఆయుష్షు దొంగిలించడమే" అన్నారు. అరచేతులు మంటెక్కేలా చప్పట్లు కొట్టాను.

ఆ ఊపులోనే లేచి నా ప్రతిపాదన పెట్టాను. వైవాకు, అంటే ఆఖరి మౌఖిక పరీక్షకు, వచ్చే పరీక్షకుడి మర్యాదలేవీ స్కాలర్ చేత చేయించకూడదని, బస, భోజనం, బండి అన్నీ విశ్వవిద్యాలయమే చూసుకోవాలని వేదిక తరఫున తీర్మానం చేద్దామన్నాను.

కార్యదర్శి మైకులోనే నవ్వాడు. "తిరుపతిలో ఉండి మర్యాదలొద్దంటారా మేడమ్ గారూ? మీకైతే పక్కనే కొండ. మా సంగతి చూడండి!"

హాలంతా నవ్వింది. సదాశివరావు గారు చెయ్యెత్తి, "మంచి విషయమే. తర్వాత తీరిగ్గా చర్చిద్దాం" అన్నారు. ఆ "తర్వాత" ఎప్పుడూ రాలేదు. భోజనాల దగ్గర మాత్రం ఒకరి తర్వాత ఒకరు నా దగ్గరికొచ్చి, వచ్చే ఏడు సమావేశం తిరుపతిలో పెట్టుకుంటే ఎలా ఉంటుందని అడిగారు.

మా ఊరి ఆనవాయితీ

బయటివాళ్ళ కోసం ఇది చెప్పాలి. వేరే ఊళ్ళలో వైవాకు పరీక్షకుణ్ణి రప్పించాలంటే బతిమాలాలి. తిరుపతికి అక్కర్లేదు. పిలవగానే వస్తారు. ఒక్కరే రారు. భార్య వస్తుంది, అత్తగారు వస్తుంది, మనవడి పుట్టువెంట్రుకలు కూడా ఈ ప్రయాణంలోనే కలిసొస్తాయి. వాళ్ళకు బండి, గది, దర్శనం అన్నీ స్కాలర్ చూసుకోవాలి. ఎక్కడా రాసిపెట్టిన నిబంధన లేదు. అందరూ చేశారు గనుక అందరూ చేస్తారు. కొండమీదవాళ్ళకు దీంతో ఏ సంబంధమూ లేదు. ఇది కింద, మా చదువుకున్నవాళ్ళు పెట్టుకున్న ఆచారం. మా దగ్గర వైవా తేదీ హాలు ఖాళీ చూసి పెట్టరు, దర్శనం దొరికిన రోజు చూసి పెడతారు.

నా వైవా కూడా అట్లే జరిగింది. పరీక్షకుడి అత్తగారికి నడక కష్టమంటే మా నాయన ఆమె చెయ్యి పట్టుకొని క్యూలో నడిపించినాడు. నేను హాల్లో జవాబులు చెబుతున్నప్పుడు మా నాయన కొండమీద ఉన్నాడు. సాయంత్రం దిగొచ్చి, "ఏమ్మా, బాగా చెప్పినావా?" అని అడిగినాడు. కూతురు డాక్టరేటు తీసుకునేది చూడాలని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మనిషి. అది నేను మరిచిపోలేదు, మరిచిపోను.

రాణి

ఎస్తేరు రాణిది నాయుడుపేట దాటి లోపలికి పోతే వచ్చే పల్లె. వాళ్ళమ్మ పక్కనున్న ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట పని చేస్తుంది. నాయన లేడు. రాణి పులికాట్ సరస్సులో మండపీతల మీద థీసిస్ రాసింది. నీళ్ళలో ఉప్పు మారితే పీత గుడ్లు ఏమవుతాయన్నది ఆమె ప్రశ్న. పరీక్షకుల రిపోర్టులు వచ్చాయి, అన్నీ బాగున్నాయన్నాయి. మిగిలింది వైవా ఒక్కటే. వైవాకు రావలసిన పరీక్షకుడు సదాశివరావు గారు.

ఒక రోజు రాణి నా గదికొచ్చి నిలబడింది. ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి ఎంపికైందట. ఆ నెలాఖరుకల్లా పీహెచ్‌డీ సర్టిఫికెట్ చూపించాలి. చూపించకపోతే వరసలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు.

"మరి వైవా ఎందుకు కాలేదు?" అన్నాను.

"దర్శనం కుదరలేదు మేడం."

"నీకా?"

"నాకు కాదు మేడం, సారుకు." చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "వైవాకొచ్చే ఎక్స్‌టర్నల్ సారుకు, వాళ్ళింటోళ్ళకు సిఫారసు ఉత్తరం తెమ్మని మునిరత్నం సారు చెప్పినాడు. మేం చర్చికి పోయేటోళ్ళం సార్, కొండమీద నాకెవురు తెలుసు అన్నా. చర్చికి పోతే మాత్రం ఎమ్మెల్యే తెల్దా అన్నాడు."

మునిరత్నం ఆమె గైడు. నాకు జూనియరు.

"పోయినావా?"

"నాయుడుపేటలో లీడర్ ఆఫీసుకాడ శానాసార్లు కూసున్నా మేడం. ఆడ ఒకాయన, ఏం పాపా, మతం మార్చుకున్నావా, గుండు కొట్టిస్తావా అని ఎగతాళి చేసినాడు. ఒకసారి ఉత్తరం ఇచ్చినారు. ఆ తేదీ సారుకు కుదరలేదు. మళ్ళా పోతే మాకు మాత్రం వేరే పనుల్లేవా అన్నారు."

ఆనవాయితీ నాకు కొత్త కాదు. కానీ నెలాఖరున చేజారిపోయే ఉద్యోగం ఎదురుగా ఉన్న పిల్లను, వేరే మతం పిల్లను, దర్శనం ఉత్తరం కోసం లీడర్ల అరుగుల మీద కూర్చోబెట్టారంటే నమ్మబుద్ధి కాలేదు. మునిరత్నాన్ని పిలిపించాను.

"మేడం, మీకు తెలీనిదేముండాది? పెద్దాయన, కుటుంబంతో వస్తాడు. ఊరికే వైవా పెట్టి పంపిస్తే మన డిపార్ట్‌మెంట్ పరువేం కావల్ల?" అన్నాడు.

"ఆయన అడిగినాడా?"

"అడగాల్నా మేడం? 'తిరుపతంటే దర్శనం కూడా కలిసొస్తుంది కదా మునిరత్నం గారూ' అన్నాడు. ఇంకెట్లా అడుగుతాడు?"

"ఆ పిల్ల ఉద్యోగం పోతే?"

"వస్తుందిలే మేడం, ఇంకోటి. నేను స్కాలర్‌గా ఉన్నప్పుడు ఏడాదిన్నర తిరిగినా."

తను తిరిగాడు గనుక ఆమె తిరగాలి. దీనికంటే పెద్ద నిబంధన మా విశ్వవిద్యాలయంలో నేను చూడలేదు.

ఫోను

వేదిక పుణ్యమా అని సదాశివరావు గారి సొంత నంబరు నా దగ్గరుంది. మునిరత్నం ముందే ఆయనకు ఫోను చేశాను.

"మేడమ్ గారూ, నమస్కారం. ఆ అమ్మాయి థీసిసా? చాలా బాగుందండీ. మునిరత్నం గారు ఏర్పాట్లయ్యాక చెబుతామన్నారు. నాకేం తొందర లేదు."

"మీకు లేదు సార్. ఆ పిల్లకుండాది." ఉద్యోగం సంగతి చెప్పాను.

"అయ్యయ్యో, అలాగా!" అన్నారు. నిజంగానే నొచ్చుకున్నట్టు వినిపించింది. మెత్తబడ్డాను. అక్కడికక్కడే తేదీ చెప్పాను. విశ్వవిద్యాలయం గెస్ట్‌హౌస్‌లో బస, స్టేషనుకు మా బండి, స్కాలర్‌తో ఏ పనీ ఉండదన్నాను.

"ఆ రోజు... వేరే ఊళ్ళో ముఖ్యమైన కార్యక్రమం ఉందండీ. చాలా విచారం" అన్నారు.

"ఆన్‌లైన్‌లో పెడదాం సార్. ఒక గంట చాలు."

"చూద్దాం. నెట్ ఉండే చోట ఉంటానో లేదో."

నేను ఆ తేదీకే నోటీసు వేయించాను. వైవా బహిరంగంగా జరగాలి గనుక ముందుగా నోటీసు పెట్టడం తప్పనిసరి. ఆన్‌లైన్‌లో దొరికితే దొరుకుతాడు, దొరక్కపోతే దొరకలేదని రాసి రెండో పరీక్షకుణ్ణి అడుగుదామనుకున్నాను. అందుకు నెలాఖరు దాటిపోతుందని తెలుసు. ఆ ముందురోజు మునిరత్నం సెలవు పెట్టాడు. అత్తకు బాగలేదట. గైడు లేకుండా వైవా జరగదు. "వాయిదా వేసేద్దాం మేడం" అన్నాడు మా సెక్షన్ సూపరింటెండెంటు. నోటీసు తీయొద్దన్నాను. ఎందుకన్నావంటే కారణం చెప్పలేను. నాకు తీయబుద్ధి కాలేదు, అంతే.

ఫోటో

వైవా రోజు పొద్దున టిఫిను తింటుంటే వేదిక గ్రూపులో ఫోటో వచ్చింది. కార్యదర్శి పెట్టాడు: "మన అధ్యక్షులు ఈ ఉదయం శ్రీవారి సేవలో." నున్నటి గుండు, పట్టుపంచె, నుదుట నామం, పక్కన భార్య, కూతురు. వెనకాల లడ్డు సంచి పట్టుకొని, మొహం సగం కనబడేలా, మా మునిరత్నం.

చేతిలోని ఇడ్లీ ముక్క ప్లేటులో పడిపోయింది. ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. మళ్ళీ చూశాను. మా ఆయనకు చూపించి, "ఇతను మునిరత్నమే కదా?" అని అడిగాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకొని, "అత్తకు బాగైనట్టుందే" అన్నాడు.

కింద వరసగా గోవింద నామాలు, చేతులు జోడించిన బొమ్మలు. ఆయుష్షు దొంగిలించడమన్న మనిషి, వేరే ఊళ్ళో కార్యక్రమమన్న మనిషి, నా ఊళ్ళో, నేను పెట్టిన తేదీన, నా ఇంటి కిటికీలోంచి కనిపించే కొండమీద ఉన్నాడు. దర్శనం ఇంకెవరి ఉత్తరంతోనో కుదిరింది గానీ, వైవా పేరు మీద ఇంకోసారి రావచ్చని దాచుకున్నట్టుంది. నేను ఇట్లా రాశాను: "సార్, కిందికి దిగినాక పదకొండు గంటలకు మీరు చేయాల్సిన వైవా ఉండాది. గది సిద్ధం." అంతే. ఒక్క తిట్టు లేదు. కాసేపటికి తెరమీద వచ్చింది: కార్యదర్శి మిమ్మల్ని గ్రూపు నుంచి తొలగించారు.

మునిరత్నం ఫోను కట్టేసి ఉంది. గెస్ట్‌హౌస్ వంటాయనకు చేశాను. "అవును మేడం, మునిరత్నం సారు గెస్టులకు మధ్యాన్నం భోజనం చెప్పినారు. పెద్దసారుకు కారం తక్కువ ఎయ్యమన్నారు" అన్నాడు.

వైవాను గెస్ట్‌హౌస్ భోజనాల హాలుకు మార్చాను. డిపార్ట్‌మెంట్ గుమ్మంలో పెద్ద అక్షరాలతో రాసి అంటించాం. స్కాలర్లు తలా ఒక కుర్చీ ఎత్తుకొని రోడ్డు దాటారు. ప్రొజెక్టరు వచ్చింది, తెర బదులు గోడకు తెల్ల దుప్పటి కట్టారు. రాణి గంజిపెట్టిన నీలం చీర కట్టుకొచ్చింది. వాళ్ళమ్మ క్యాంటీన్‌కు సెలవు పెట్టి వచ్చి వెనక వరసలో కూర్చుంది.

రాణి నన్ను పక్కకు పిలిచింది. "మేడం, అందరి ముందరా ఇట్లా పట్టుకుంటే సారుకు కోపమొచ్చి ఫెయిల్ చేస్తే?"

అది నేను ఆలోచించలేదని కాదు. ఆలోచించే అక్కడ నిలబడ్డాను. నా పంతం ఖరీదు కట్టేది నేను కాదు, ఆమె.

"నువ్వు వద్దంటే ఇప్పుడే అందరినీ పంపించేస్తా. గమ్మున ఇంటికి పోదాం. చెప్పు."

వాళ్ళమ్మ వైపు చూసింది. "ఇంక యాడికి పోయేది మేడం? కానీండి."

భోజనాల హాలు

కారు వచ్చి ఆగింది. సదాశివరావు గారు ఒక కాలు కింద పెట్టి తలెత్తారు. హాలు నిండా మనుషులు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఆయన రెండో కాలు కారులోనే ఉండిపోయింది. ముందు సీట్లో మునిరత్నం లడ్డు సంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకున్నాడు.

"స్వామి దర్శనమైంది కదా సార్," అన్నాను. "ఇంక మా పిల్లకు మీ దర్శనం కావల్ల. పొద్దున్నుంచీ క్యూలో ఉండాది."

"ఇదేమిటి మేడమ్ గారూ, ముందు చెప్పకుండా..."

"నోటీసు ఇచ్చినాను సార్. తీయలేదు. ఈ పొద్దే."

"నేను సిద్ధపడి రాలేదు. ఇది పద్ధతి కాదు."

నా దగ్గర ఇంకో మాట ఉంది, ఆయనే అన్న ఆయుష్షు దొంగతనం మాట. అది అనుంటే ఏమయ్యేదో. అంతలో వెనక సీట్లోంచి ఆయన భార్య తల బయటికి పెట్టింది. "వైవానా? ఇవాళ ఏ పనీ లేదన్నారు కదండీ నాతో?" ఆమె దిగి వచ్చి హాల్లోకి చూసింది. నీలం చీర చూసింది. "ఈ అమ్మాయేనా? పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావామ్మా?" రాణి తల అడ్డంగా ఊపింది. ఆమె భర్త వైపు తిరిగి, "వెళ్ళండి. పిల్ల ఆకలితో నిలబడి ఉంది" అంది.

ఆయన వచ్చి కూర్చున్నారు. మునిరత్నం పక్కన కూర్చున్నాడు. నేను భయపడుతూనే ఉన్నాను.

ఆ రోజు నన్ను అన్నిటికంటే నివ్వెరపరచింది ఆ తర్వాత జరిగినది. చేతిలో థీసిస్ కూడా లేకుండా ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు. ఫలానా అధ్యాయంలో వానాకాలపు లెక్కకూ ఎండాకాలపు లెక్కకూ పొంతన ఎందుకు లేదన్నారు. ఫలానా చిత్రంలో ఆడపీతలు అంత తక్కువగా ఎందుకున్నాయన్నారు. పేజీ పేజీ ఆయన తలలో ఉంది. రాణి మొదటి ప్రశ్నకు తడబడింది, రెండోదానికి నీళ్ళు తాగింది, మూడోదానికి ఆయన మాటకు అడ్డం తగిలి, "కాదు సార్, సరస్సు సముద్రంలో కలిసేకాడ ఇసకతో పూడిపోయిన ఏడు అది. అందుకే" అంది. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. ఇద్దరూ మమ్మల్ని మరిచిపోయారు. గుండుమీద చందనం ఎండి పెచ్చులు రాలుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయి ఆయన పీత గుడ్ల గురించి వాదించారు. అంత మంచి వైవా నా ఉద్యోగంలో చూడలేదు.

ఇంత చదువు, ఇంత శ్రద్ధ ఉన్న మనిషి, ఇదే పని చేయడానికి ఇన్ని నెలలు ఒక ఉత్తరం కోసం ఆగాడు. చెడ్డవాడైతే నాకు ఇంత ఆశ్చర్యం ఉండేది కాదు.

చివరికి లేచి, డిగ్రీ ఇవ్వొచ్చని గట్టిగా చెప్పి సంతకం పెట్టారు. వెనక వరసలో రాణి వాళ్ళమ్మ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా నాయన చూడనిది ఆమె చూసింది. నాకది చాలు.

ఆయన అన్న మాట

భోజనం చేయకుండానే బయలుదేరారు. మెట్ల మీద నన్ను ఆపి, గొంతు తగ్గించి అడిగారు: "మేడమ్ గారూ, ఒక్క మాట చెప్పండి. నేను దర్శనం కావాలని మీ అమ్మాయిని అడిగానా? ఎవర్నైనా, ఒక్కసారైనా అడిగానా?"

"లేదు సార్. మీరు అడగలేదు."

"మరి?"

"అడగాల్సిన పని మీకు ఎప్పుడైనా పడిందా సార్?"

ఆయన కారెక్కారు.

వేదిక నన్ను తిరిగి చేర్చుకోలేదు. రాత్రి వరకూ ఒకరి తర్వాత ఒకరు డీన్లు విడిగా ఫోను చేసి, "మంచి పని చేశారు మేడం, మా దగ్గరా ఇదే గోల" అన్నారు. గ్రూపులో ఆ మాట అన్నవాళ్ళు లేరట. వాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. మునిరత్నం మాత్రం మరునాడు నా గదికొచ్చి లడ్డు ఇచ్చి, "కోపం పెట్టుకోవద్దు మేడం" అన్నాడు. ప్రసాదం గనుక తీసుకున్నాను. కోపం అట్లే ఉంది.

నేనున్నంతకాలం పరీక్షకులకు పంపే ప్రతి పిలుపులో ఒక వాక్యం చేర్పించాను: స్కాలర్ మీకు ఏ ఏర్పాటూ చేయరు. ఆ వాక్యం చదివి తీరిక లేదన్నవాళ్ళ పేర్లు చూసి నివ్వెరపోయాను. వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో వైవాలు త్వరగా అయ్యాయి. నా తర్వాత ఆ వాక్యం తీసేశారని విన్నాను. కొత్తగా వచ్చేవాళ్ళు మళ్ళీ చేర్చండి. పోరాటమేమీ అక్కర్లేదు, ఒక్క వాక్యం.

వైవా అయిన ఆ సాయంత్రం సర్టిఫికెట్ పని ముగించి నా గది తాళం వేస్తుంటే రాణి, వాళ్ళమ్మ వచ్చారు. కాళ్ళకు దండం పెట్టబోతే వద్దన్నాను. నాయుడుపేట బస్సుకు టైమవుతోందని వాళ్ళమ్మ తొందరపడుతోంది. రాణి కదల్లేదు.

"మేడం, ఒకటి అడగతా, తప్పుగా అనుకోవద్దు."

"అడుగు."

"ఆ కార్యదర్శి సారు పొద్దున ఫోటో పెట్టకపోయుంటే నా సంగతేంది?"

నేను తాళం చేతిలో పట్టుకొని నిలబడ్డాను. ఏదో ఒకటి చేసేవాళ్ళమని చెప్పబోయాను. ఏం చేసేవాళ్ళమో నాకు తెలియదు. రెండో పరీక్షకుడు, ఇంకో తేదీ, ఇంకో నెల. అప్పటికి రాణికి రావలసిన లెక్చరర్ కుర్చీలో వేరే ఎవరో కూర్చుని ఉంటారు.

రాణి నా మొహం చూసి, "సరేలెండి మేడం" అంది. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకొని బస్టాండు వైపు నడిచింది.